తుఫాను రాత్రి దొరికిన బిడ్డ: 'బంగారుపాప' చెప్పిన బంధుత్వం



పాలగుమ్మి పద్మరాజు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు, ఆయన కథల గురించి మాట్లాడతాననే అందరూ అనుకుని ఉంటారు. 1915 జూన్ 24న పశ్చిమగోదావరి జిల్లా తిరుపతిపురంలో పుట్టి, 1939 నుంచి 1952 దాకా మన కాకినాడ పి.ఆర్. కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన మేష్టారు ఆయన. పగలు ప్రయోగశాలలో గాజు గొట్టాల మధ్య, రాత్రి కాగితాల మధ్య బతికారు. మానవేంద్రనాథ్ రాయ్ భావాలను నమ్మి, మనిషికి మనిషే కొలత అన్న ఆలోచనను కథల్లోకి తెచ్చారు. 'గాలివాన' కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి వచ్చింది. 1983లో ఆయన వెళ్లిపోయాక, 'గాలివాన' సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే. కథకుడిగా ఆయన్ని తలుచుకోవడానికి ఈ ఊళ్లో సభలకు కొదవ లేదు.

ఈరోజు నేను ఆయన చేసిన మరో పని గురించి మాట్లాడదలిచాను. అది ఒక సినిమా. పేరు 'బంగారుపాప'. 1955 మార్చిలో విడుదలైంది. వాహినీ వారి చిత్రం. నిర్మాత, దర్శకుడు బి.ఎన్.రెడ్డి గారు. సినిమా రచనలో పద్మరాజు గారికి అదే మొదటి అడుగు. ఈ హాల్లో డెబ్భై దాటినవాళ్లు కొందరు చూసి ఉంటారు. మిగతావాళ్లలో చాలామంది పేరు విని ఉండొచ్చు, సినిమా చూసి ఉండరు. అలాంటి సినిమా ఇంత నిశ్శబ్దంగా మనసును ఎలా పట్టుకుంటుంది, ఎందుకు పట్టుకుంటుంది అన్నది ఒక్కటే నేను ఈ సాయంత్రం చెప్పబోయే విషయం. రక్తం వల్ల కాక, రోజూ చేసే చాకిరీ వల్ల బంధుత్వం పుడుతుందని 'బంగారుపాప' నమ్మింది. ఆ మాటను కేక పెట్టి చెప్పకుండా చూపించింది. ఆ నమ్మకానికి మన కాకినాడ నేల కొంత ఎరువు వేసిందని నా అభిప్రాయం. మెట్టుమెట్టుగా చెబుతాను.

1

ముందు కథ. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను, చూసినవాళ్లు ఓపిక పట్టండి.

కోటయ్య కమ్మరి. స్నేహితుడే మోసం చేసి, చేయని నేరాన్ని అతని నెత్తిన రుద్దుతాడు. కోటయ్య జైలుకు పోతాడు. బయటికొచ్చేసరికి కట్టుకోవలసిన మనిషీ లేదు, మనుషుల మీద నమ్మకమూ లేదు. మిగిలింది పగ ఒక్కటే. ఆ పగ తీర్చుకోవాలని బయల్దేరిన గాలివాన రాత్రి, దారి పక్కన పడిపోయి ఉన్న తల్లి దగ్గర ఏడుస్తున్న పసిబిడ్డ కనిపిస్తుంది. కోటయ్య ఆ బిడ్డను ఎత్తుకుంటాడు. అక్కడి నుంచి అతని జీవితం ఇంకోలా నడుస్తుంది. ఆ బిడ్డ తండ్రి ఊళ్లో పలుకుబడి ఉన్న జమీందారు కొడుకు మనోహర్. శాంత అనే అమ్మాయిని రహస్యంగా పెళ్లాడి, తండ్రికి భయపడి ఆ సంగతి దాచినవాడు. పాప పెరిగి పెద్దదవుతుంది, పెళ్లీడుకొస్తుంది. అప్పుడు కన్నతండ్రికీ పెంచినతండ్రికీ మధ్య ఆ పిల్ల ఎవరిది అన్న ప్రశ్న లేస్తుంది.

కోటయ్యగా ఎస్.వి.రంగారావు, మనోహర్‌గా జగ్గయ్య, శాంతగా కృష్ణకుమారి, పెద్దయిన పాపగా జమున నటించారు. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. సంగీతం అద్దేపల్లి రామారావు గారిది. 'మల్లీశ్వరి'లో సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి పనిచేసిన రామారావు గారే ఈయన.

దీనికి మూలం జార్జ్ ఎలియట్ 1861లో రాసిన 'సైలస్ మార్నర్' అనే ఇంగ్లీషు నవల. మగపేరు పెట్టుకుని రాసిన ఆ రచయిత్రి అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. ఆవిడ ఈ నవల రాసే రోజుల్లో తనతో జీవితం పంచుకున్న లూయిస్ గారి కొడుకుల బాగోగులు చూస్తోంది. తాను కనని ఆ పిల్లలు ఆవిణ్ని అమ్మ అనే పిలిచేవారు. ఈ సంగతి తెలిశాక నవలనూ సినిమానూ నేను ఇంకోలా చదువుకున్నాను. పెంపకం అంటే ఏమిటో చేతులతో తెలిసిన మనిషి రాసిన కథ అది.

నవలలో నాయకుడు నేతగాడు. మగ్గం ముందు కూర్చుని బంగారు నాణేలు కూడబెట్టుకుంటాడు. ఆ బంగారం దొంగల పాలవుతుంది. మంచు కురిసే రాత్రి ఒక బంగారు జుట్టు పసిపిల్ల అతని పొయ్యి ముందుకు తప్పటడుగులు వేస్తూ వస్తుంది. తెలుగు సినిమాలో నేతగాడు కమ్మరి అయ్యాడు. మంచు గాలివాన అయింది. ఈ రెండు మార్పులూ చిన్నవి కావు. మగ్గం ముందు కూర్చున్నవాడు బతుకంతా ఒంటరితనంలోకి ముడుచుకుపోయినవాడు. కొలిమి ముందు నిలబడ్డవాడి దగ్గర కోపం ఉంటుంది, బలం ఉంటుంది, ఆ బలాన్ని దేనికి వాడతాడన్న భయం కూడా ఉంటుంది. నాగలికర్రు సాగదీసే చేతులు మనిషి ప్రాణం తియ్యడానికి బయల్దేరి, పసిబిడ్డను ఎత్తుకున్నాయి. రచన చేసినవాళ్లకు తెలుగు పల్లె తెలుసు కాబట్టే ఆ వృత్తి మార్పు కుదిరింది.

2

ఇక మన ఊరి సంగతి.

ఈ సినిమాకు ప్రాణం పోసిన ముగ్గురికి కాకినాడతో పేగుబంధం లాంటిది ఉంది. పద్మరాజు గారి గురించి చెప్పాను. రంగారావు గారు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు, మద్రాసులో పెరిగారు. కానీ డిగ్రీ చదివింది మన పి.ఆర్. కళాశాలలో. నటుడైంది మన యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి ఆ క్లబ్బు వేదిక మీద నిలబడ్డవాళ్లే. చదువయ్యాక రంగారావు గారు అగ్నిమాపక శాఖలో కొంతకాలం, జంషెడ్‌పూర్ టాటా కంపెనీలో కొంతకాలం పనిచేసి, చివరికి సినిమాల్లో స్థిరపడ్డారు.

కృష్ణశాస్త్రి గారు పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. ఆ ఊరికి ఇక్కడి నుంచి ఎంతో దూరం లేదు. ఆయన చిన్నతనం మీద, యౌవనం మీద ముద్ర వేసిన మనిషి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. ఈ పేరు దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను.

1904 నుంచి 1919 దాకా పి.ఆర్. కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న నాయుడు గారు బ్రహ్మసమాజ నాయకులు. భోగం మేళాలకు వ్యతిరేకంగా నిలబడ్డారు, వితంతు వివాహాలకు అండగా నిలిచారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ గారి ఆదరవుతో ఈ ఊళ్లో అనాథ పిల్లలకు ఆశ్రమం నడిపించారు. నాయుడు గారి చుట్టూ చేరినవాళ్లకు, కులం ఏమిటో గోత్రం ఏమిటో తెలియని బిడ్డను దగ్గరికి తీసుకోవడం ఒక ఆలోచన కాదు, రోజూ కళ్లముందు జరిగే పని. ఆ గాలి పీల్చిన కవి 'బంగారుపాప'కు పాటలు రాశారు. ఆ కళాశాలలోనే పదమూడేళ్లు పాఠాలు చెప్పిన హేతువాది దానికి సంభాషణలు రాశారు. అక్కడే చదివిన నటుడు కోటయ్య అయ్యాడు. ఇది యాదృచ్ఛికం అనేవాళ్లతో నేను వాదించను. అయితే ఇలాంటి కథను ఇంత సహజంగా నమ్మగలిగిన మనుషులు ఒకేచోట కుదరడానికి వెనక ఒక ఊరి చరిత్ర ఉందని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చేర్చాలి. కుటుంబ బంధాన్ని ప్రశ్నించడం కాకినాడకు కొత్త కాదు. ఇక్కడ ఉపాధ్యాయుడిగా ఉన్న కాళ్లకూరి నారాయణరావు గారు 'వరవిక్రయం' నాటకంలో వరకట్నాన్ని నిలదీశారు. ఈ ఊరివాడే అయిన సి.పుల్లయ్య గారు దాన్ని 1939లో సినిమా తీశారు. భానుమతి గారికి అదే మొదటి చిత్రం. పెళ్లిని బేరం చేస్తే బంధం ఏమవుతుందని ఆ నాటకం అడిగింది. బేరమే లేనిచోట, రక్తమే కలవనిచోట బంధం ఎలా పుడుతుందో 'బంగారుపాప' చూపించింది.

3

ఇప్పుడు అసలు మెట్టు. దీని మీదే ఎక్కువ సేపు ఉంటాను, విసుక్కోకండి.

1955 జనవరిలో 'మిస్సమ్మ' వచ్చింది. దాన్ని చూడనివాళ్లు ఈ హాల్లో ఉంటారని నేను అనుకోను. అందులో రంగారావు గారు జమీందారు. చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు ఉందాయనకు. ఆ పిల్లను ఒక క్రైస్తవ దంపతులు పెంచారు. మేరీ అని పేరు పెట్టారు. కథ చివర ఆ పిల్లే తమ మహాలక్ష్మి అని తెలిసి, కన్నవాళ్లు అక్కున చేర్చుకుంటారు. అందరూ సంతోషంగా ఇంటికి పోతాం. నేనూ అలాగే పోయాను.

రెండు నెలలు తిరిగేసరికి అదే రంగారావు గారు 'బంగారుపాప'లో అవతలి ఒడ్డున నిలబడ్డారు. ఈసారి ఆయన పెంచినవాడు. తప్పిపోయిన బిడ్డ తిరిగొచ్చిందన్న ఆనందం ఇంకెవరిదో. ఆ బిడ్డ చేజారిపోతుందేమోనన్న భయం ఈయనది. ఒకే నటుడు, ఒకే సంవత్సరం, ఒకే ప్రశ్నకు రెండు వైపులా. తెలుగు సినిమా చరిత్రలో ఇలాంటి జత ఇంకోటి నాకు తట్టడం లేదు.

'మిస్సమ్మ'ను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అది గొప్ప సినిమా. కానీ ఒక్కసారి ఆలోచించండి. మేరీని పెంచిన ఆ దంపతుల కడుపుకోత గురించి మనం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? నాలుగు మాటలతో కథ వాళ్లను దాటిపోతుంది. హాస్యకథ కాబట్టి దాటక తప్పదు. కన్నవాళ్లకు బిడ్డ దక్కడమే న్యాయం అని మన మనసు ముందే తీర్పు ఇచ్చేసి ఉంటుంది. కోటయ్య ఆ తీర్పును తిరగదోడతాడు. పెంచినవాడి గుండె లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూపిస్తాడు.

నటనకు సంబంధించిన సంగతి ఒకటి గమనించండి. ఆ నాటికి రంగారావు గారికి ముప్పై ఆరేళ్లు. 'షావుకారు'లో సున్నం రంగడిగా భయపెట్టారు. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడిగా పిల్లల కలల్లోకి జొరబడ్డారు. జనానికి ఆయన భారీ విగ్రహమూ, గుడ్లురిమే చూపూ, గొంతు బరువూ తెలుసు. బి.ఎన్. గారు సరిగ్గా ఆ భయాన్నే మొదటి భాగంలో వాడుకున్నారు. ఇంత పెద్ద మనిషి చేతుల్లో ఇంత చిన్న బిడ్డ ఏమవుతుందోనని మనకు ఆదుర్దా పుట్టిస్తారు. ఆ తర్వాత ఆ విగ్రహం నెమ్మదిగా వంగుతుంది. గొంతు తగ్గుతుంది. కళ్లలో కరుకు పోయి, బిడ్డ ఎటు నడిస్తే అటు తిరిగే చూపు వస్తుంది. పెద్ద సంభాషణల మీద ఆధారపడకుండా, ఒంటిలోని బరువును మార్చుకుంటూ పోయి తండ్రి అయ్యాడాయన. కీచకుడిగా, ఘటోత్కచుడిగా ఆయన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. 'నర్తనశాల' ఆయనకు జకార్తాలో బహుమతి తెచ్చింది. నన్నడిగితే మాత్రం రంగారావు గారిలోని నటుణ్ని సంపూర్ణంగా చూడాలనుకున్నవాళ్లు ముందు కోటయ్యను చూడాలి. ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను.

4

చట్టం గురించి ఒక మాట. న్యాయవాదులు ఇక్కడ ఉన్నారు, తప్పుంటే సభ అయ్యాక సరిదిద్దండి.

ఈ సినిమా వచ్చేనాటికి హిందూ దత్తత అంటే ముఖ్యంగా కొడుకును తీసుకోవడమే. వంశం నిలవాలి, పిండం పెట్టేవాడు ఉండాలి, ఆస్తికి వారసుడు కావాలి. ఈ మూడు అవసరాల కోసం ఏర్పడిన పద్ధతి అది. ఆడపిల్లను దత్తత తీసుకునే ఆచారం కళావంతుల ఇళ్లలో ఉండేది, కోర్టులు దాన్ని ఆచారంగానే చూసేవి. మిగతా సమాజంలో ఆడబిడ్డను దత్తత చేసుకునే హక్కు సామాన్యంగా లేదు. 1956 చివర్లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. ఆ చట్టంతోనే కూతుర్ని దత్తత తీసుకోవడానికి దారి ఏర్పడింది. అప్పుడు కూడా బిడ్డను కన్నవాళ్లో, లేకపోతే సంరక్షకులో ఇవ్వాలి. ఎవరి బిడ్డో తెలియని పసికందుల విషయంలో చిక్కులు మిగిలే ఉన్నాయి. 1962లో చట్టాన్ని సవరించి, కోర్టు అనుమతితో సంరక్షకులు ఇవ్వవచ్చునన్నారు.

అంటే 1955లో కోటయ్యకూ పాపకూ మధ్య ఉన్నది చట్టం గుర్తించిన బంధం కాదు. శాస్త్రం గుర్తించిన బంధమూ కాదు. పెళ్లి కాని మగవాడు, ఏ కులమో తెలియని ఆడబిడ్డ. వంశం కోసం కాదు, పిండం కోసం కాదు, ఆస్తి అసలే లేదు. పాతకాలపు దత్తతకు ఉన్న మూడు కారణాల్లో ఒక్కటీ కోటయ్యకు లేదు. మరి ఎందుకు పెంచాడు? ఏడుస్తోంది కాబట్టి ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాడు కాబట్టి పాలు పట్టాలి. పాలు పట్టాడు కాబట్టి మర్నాడు కూడా పట్టాలి. జ్వరం వస్తే మేలుకోవాలి. తాగి ఇంటికి రాకూడదు. ఒక పనిలోంచి ఇంకో పని పుట్టి, ఆ పనులన్నీ కలిసి ఒకనాటికి నాన్న అన్న పిలుపు అయ్యాయి.

మన ఇళ్లలో 'కన్న తల్లి కంటే పెంచిన తల్లి' అని పెద్దలు చాలా తేలిగ్గా అనేస్తుంటారు. అయినా పెళ్లి సంబంధం చూసే రోజు వచ్చేసరికి మొదటి ప్రశ్న, అసలు ఎవరి పిల్ల? పాప విషయంలోనూ అదే జరుగుతుంది. పెళ్లి మాట వచ్చినచోటే ఆ పిల్ల పుట్టుక కథకు అడ్డం పడుతుంది. సినిమా ఈ చోట లోకరీతిని ఉన్నదున్నట్టు చూపించిందని నేను అనుకుంటాను. పెంపకాన్ని మెచ్చుకునే సమాజమే పుట్టుకను లెక్క అడుగుతుంది.

మనోహర్ పాత్రను కూడా ఇక్కడే తలుచుకోవాలి. అతణ్ని దుర్మార్గుడిగా చిత్రించి వదిలేయడం చాలా సులువు. జగ్గయ్య గారు అలా చేయలేదు. భయస్తుడైన మంచివాడిగా చేశారు. భార్యను, బిడ్డను నావాళ్లు అని నలుగురిలో చెప్పడానికి ధైర్యం చాలలేదు, అంతే. ఆ ఒక్క పిరికితనం ఎన్ని బతుకుల మీద పడిందో చూపిస్తుంది కథ. జగ్గయ్య గారికి నటుడిగా గుర్తింపు తెచ్చిన తొలి చిత్రాల్లో ఇదొకటి. కన్నతండ్రి అన్న మాటకు హక్కు ఉంది, అతని దుఃఖం కూడా నిజమైనదే. కానీ హక్కు గుర్తొచ్చిన రోజుకు పదహారు, పదిహేడేళ్ల చాకిరీ ఇంకొకరు చేసేసి ఉన్నారు. పాప మనసు ఆ చాకిరీ వైపు మొగ్గుతుంది.

5

గాలివాన గురించి చెప్పకుండా పద్మరాజు గారి సభ ముగియదు కదా.

కథలో రావుగారు అనే ప్లీడరు, నియమాల చట్రంలో బతికే మనిషి, ఉపన్యాసం ఇవ్వడానికి రైలెక్కుతారు. (నాలాంటివాళ్లు ఆ కథ చదివాక వేదిక ఎక్కడానికి కొంచెం జంకాలి.) రైల్లో ఒక ముష్టి మనిషి కనిపిస్తుంది, ఆయనకు చీదర వేస్తుంది. గాలివాన ముంచుకొస్తుంది. ఊరు కాని ఊళ్లో, చీకట్లో, ప్రాణభయంతో ఆయన వణికిపోతుంటే ఆ స్త్రీయే ధైర్యం చెప్పి దగ్గర కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరి వెచ్చదనంతో ఒకరు తెల్లవారుజాము దాకా బతికి ఉండటానికి ప్రయత్నిస్తారు. అప్పటిదాకా ఆయన కట్టుకున్న సిద్ధాంతాలు ఒక్కటీ ఆ రాత్రి అక్కరకు రాలేదు. పక్కనున్న మనిషి అక్కరకొచ్చింది.

ఆ కథకు బహుమతి వచ్చిన మూడేళ్లకు విడుదలైన సినిమాలో కోటయ్య పగ కూడా ఒక గాలివాన రాత్రే చెదిరిపోయింది. ఎలియట్ నవలలోని మంచు చల్లగా, చప్పుడు లేకుండా కురుస్తుంది. గోదావరి జిల్లాల గాలివాన అలా కాదు. ఇళ్లు పడగొడుతుంది, చెట్లు కూలుస్తుంది, ఎవరి హద్దులు వారికి తెలియకుండా చేసేస్తుంది. 1839లో కోరంగి రేవు సముద్రం పాలైన సంగతి మన చరిత్రలో ఉంది. 1996 నవంబర్ 6 రాత్రి ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి పెంకుటిళ్లవాళ్లు, పూరిళ్లవాళ్లు గట్టి డాబా కనిపించిన చోటల్లా తలదాచుకున్నారు. గడప లోపలికి ఎవరు వచ్చారు, ఏ కులంవాళ్లు అని ఆ వేళ అడిగినవాళ్లు లేరు. మర్నాడు మళ్లీ ఎవరి గోడలు వాళ్లు లేపుకున్నారేమో, అది వేరే సంగతి.

పద్మరాజు గారికి ఆ ఒక్క రాత్రి మీద ఎనలేని ఆసక్తి. హద్దులు ఎగిరిపోయిన రాత్రి మనిషిలో అసలు ఏముందో బయటపడుతుందని ఆయన నమ్మారు. 'గాలివాన' ఆ రాత్రితో ఆగిపోతుంది. 'బంగారుపాప' మర్నాటి నుంచి మొదలవుతుంది. కథలో ఆయన అడిగిన ప్రశ్నకు సినిమాలో కొనసాగింపు రాసే అవకాశం దొరికింది. గాలి వెలిసింది, తెల్లారింది, బిడ్డ ఇంకా చేతుల్లోనే ఉంది, ఇప్పుడేం చేస్తావు? రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. విద్యార్థులు ఎవరైనా ఈ పని చేయాలని కోరుతున్నాను, ఒక మంచి సిద్ధాంతవ్యాసం అవుతుంది.

6

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాప పెద్దయ్యాక వచ్చే ప్రేమకథ పలచగా ఉంటుంది. జమున గారి చలాకీతనం ఆ భాగాన్ని నిలబెడుతుంది గాని, తెర మీద కోటయ్య లేనప్పుడు మన ధ్యాస చెదురుతుంది. కొన్ని మలుపులు అందరూ అనుకున్నట్టే తిరుగుతాయి. వీటిని దాచి చెబితే నేను ఈ సినిమాకు అన్యాయం చేసినట్టే.

అది రాష్ట్రపతి రజత పతకం అందుకున్న చిత్రం, విమర్శకులు మెచ్చిన చిత్రం. అయినా జనం విరగబడి చూడలేదు. ఆ ఏడాది ఎలాంటిదో చూడండి. జనవరిలో 'మిస్సమ్మ', 'అర్ధాంగి', ఏప్రిల్‌లో 'రోజులు మారాయి', తర్వాత 'కన్యాశుల్కం', 'దొంగరాముడు', 'జయసింహ'. అక్కినేని, నందమూరి, సావిత్రి తెరను ఏలుతున్న కాలం. అంతటి పోటీలో నడివయసు కమ్మరి కథానాయకుడిగా ఒక సినిమా వచ్చింది. జతకట్టే కథానాయిక లేదు, కత్తియుద్ధం లేదు. ఒక మగవాడు పసిబిడ్డను పెంచడమే అందులో ప్రధాన సంఘటన. ఇప్పటికీ అలాంటి కథకు డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

బి.ఎన్. గారు అది తెలిసే తీశారు. 'మల్లీశ్వరి' తర్వాత ఏది తీసినా దానితో పోలుస్తారని ఆయనకు తెలుసు. రాజప్రాసాదం, రాయలవారు, నాట్యం, అంత వైభవం తర్వాత మళ్లీ అంతటి వైభవం కోసం పాకులాడకుండా కొలిమి దగ్గరికి వచ్చారు. కృష్ణశాస్త్రి గారి పాటలోనూ ఆ మార్పు వినిపిస్తుంది. 'మల్లీశ్వరి'లో మబ్బుల్లో విహరించిన కవి ఇక్కడ తోలుబొమ్మ మీద పాట రాశారు. మాధవపెద్ది సత్యం గారు ఆ పాటను వీధిలో తిరిగే మనిషి గొంతుతో పాడారు. భావకవిగా ముద్రపడిన కృష్ణశాస్త్రి గారికి పల్లె నుడికారం ఎంత బాగా తెలుసో చెప్పడానికి నేను ఎప్పుడూ ఆ పాటనే చూపిస్తాను. 1974లో బి.ఎన్. గారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. దక్షిణాదిన దాన్ని అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. ఆ పురస్కారం గురించి రాసిన ప్రతిచోటా 'మల్లీశ్వరి' పేరు ఉంటుంది. 'బంగారుపాప' పేరు దాని పక్కన, సమానంగా ఉండాలి.

ఎలియట్ నవల 'బంగారుపాప' తర్వాత కూడా తెరకెక్కుతూనే ఉంది. 1985లో బెన్ కింగ్‌స్లీ నటించగా బీబీసీ వారు తీశారు. 1994లో స్టీవ్ మార్టిన్ దాన్ని అమెరికా నేటివిటీకి మార్చి సినిమాగా తెచ్చారు. వాళ్లందరికంటే ఎంతో ముందే, తెలుగువాళ్లు ఆ కథను తమ గాలివానలోకి, తమ కొలిమిలోకి తెచ్చుకుని తమ కథగా చేసుకున్నారు. ఆ పని చేసినవాళ్లలో ముగ్గురు మన వీధుల్లో నడిచినవాళ్లు.

7

ఈ స్మారకోపన్యాస నిధి నిర్వాహకులకు, కళాశాల అధ్యాపకులకు నాదొక విన్నపం. ఏటా ఈ సభకు ముందు రోజు 'బంగారుపాప'ను విద్యార్థులకు పూర్తిగా, మధ్యలో ఆపకుండా, మంచి తెర మీద ప్రదర్శించండి. కంప్యూటర్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తే ఆ సినిమా అందదు. ప్రదర్శనకు ముందు 'గాలివాన' కథను ఎవరైనా గట్టిగా చదివి వినిపించండి. మన ఊళ్లో హ్యాపీ క్లబ్ నాటకాల ఫొటోలు, కరపత్రాలు పాత ఇళ్ల పెట్టెల్లో ఇంకా ఉండే ఉంటాయి. అవి దొరికినవాళ్లు పారేయకుండా కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.

విద్యార్థులకు ఇంకో మాట. బాలల సంరక్షణ గృహాలు మన జిల్లాలో ఉన్నాయి. చట్టప్రకారం దత్తత కోసం ఎదురుచూసే పిల్లలూ ఉన్నారు, వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఈ ఊళ్లో మొదలుపెట్టిన పని అది. మీలో ఎవరికైనా ఆదివారం ఖాళీ ఉంటే నిర్వాహకుల అనుమతి తీసుకుని అక్కడికి వెళ్లండి, పిల్లలకు చదువు చెప్పండి. సినిమా తేదీ ఎప్పుడు పెడతారో నాకు కబురు పంపండి. నేను వచ్చి మీతోపాటు చూస్తాను.